పాతపాటల ఋణము

(మన సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ఉపన్యాసమునకు వ్రాతప్రతి)



ఈ సభలో ఏదేని సంగీతవిషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. త్యాగరాజస్వామిని గూర్చియో, క్షేత్రయ్యను గూర్చియో మాటాడుదునని మీలో పలువురు తలచియుందురు. ఆ మహనీయులను గూర్చి నాకంటె చక్కగా చెప్పగలవారు మన సంఘముననే కలరు. మన పిల్లలు చెవులకు యంత్రములు తగిలించుకొని రేయింబవళ్లు వినుచున్న హిప్-హాప్ అను అమెరికా సంగీతమును గూర్చి నేను నాలుగు మాటలు చెప్పదలచితిని. అందును విశేషించి, ఆ సంగీతకర్తలు పాత సోల్, రాక్ పాటల తునకలను తీసి తమ క్రొత్త పాటలలో కూర్చుకొను పద్ధతియే నేటి విషయము. “ఇది సంగీతమా, దొంగతనమా?” అని పెద్దలు అడుగుదురు. “మీకు తెలియదు లెండి” అని పిల్లలు బదులు చెప్పుదురు. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. ఆ రెండు సత్యములను ఒకచోట చేర్చి చూచుటయే నా ఉద్దేశము.

ఈ పద్ధతిని 'శాంప్లింగ్' అందురు. శాంపిల్ అనగా మచ్చు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచుట మన ఇండ్లలో నిత్యము జరుగునదే. వీరు చేయునదియు అట్టిదే గాని ఒక్క భేదము కలదు. వీరు పట్టి చూచిన మెతుకును పారవేయరు. దానితోనే మరియొక కుండెడు అన్నము వండుదురు. పాత రికార్డులో ఒక డ్రమ్ము వరుసయో, ఒక గిటారు మెలికయో, ఒక గాయని ఆలాపనయో వారి చెవిని ఆకర్షించును. అది రెండు మూడు సెకండ్లదే కావచ్చును. దానిని యంత్రమున బంధించి, వేగము హెచ్చించియో తగ్గించియో, ముక్కలు చేసి మార్చి కూర్చియో, మరల మరల త్రిప్పుదురు. దానిపై క్రొత్త కవి తన పలుకులను లయబద్ధముగా పలుకును.

సోల్ అనగా ఆత్మ. అమెరికాలోని నల్లజాతివారి చర్చీలలో పాడు భక్తిగీతముల బాణీని లౌకికగీతములకు మరలించుటచే 1950, 60 దశాబ్దులలో పుట్టిన గానము అది. రే చార్లెస్, అరీతా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్, జేమ్స్ బ్రౌన్ అందు ప్రసిద్ధులు. రాక్ సంగీతమునకును మూలము నల్లవారి బ్లూస్ గానమే. ఈ సంగతి ముందుగా మనసునందుంచుకొనుట మంచిది; ఎవరు ఎవరికి బాకీ అను లెక్క తేల్చునపుడు ఇది అవసరమగును.

ఇక ఈ పద్ధతి పుట్టుక. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్ ప్రాంతమున, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నెంబరు గల అద్దెయిండ్ల భవనమున ఒక చిన్న వేడుక జరిగెను. సిండీ క్యాంబెల్ అను బాలిక బడి తెరచునాటికి క్రొత్త బట్టలు కొనుటకై సొమ్ము కూర్చుకొన దలచి ఆ వేడుక ఏర్పాటు చేసెను. ఆమె అన్న క్లైవ్ క్యాంబెల్ రికార్డులు వేయుటకు పూనుకొనెను. జమైకా నుండి వలస వచ్చిన ఆ పదునెనిమిదేండ్ల యువకుడే 'కూల్ హర్క్' అను పేరిట ప్రసిద్ధి కెక్కెను.

పాటలో గానము ఆగి డ్రమ్ములు మాత్రమే మ్రోగు చోటు వచ్చినపుడు నర్తకులు ఉత్సాహముతో చిందులు వేయుటను అతడు గమనించెను. ఆ చోటును 'బ్రేక్' అందురు. అది కొలది సెకండ్లలో ముగియును. అందుచే అతడు ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు పళ్లెములపై ఉంచి, ఒకదానిపై బ్రేక్ ముగియుచుండగనే రెండవదానిపై అదే చోటును మొదలుపెట్టుచు, ఆ కొలది సెకండ్లను నిమిషములుగా సాగించు విద్య కనిపెట్టెను. దానికి అతడు పెట్టిన పేరు 'మెర్రీ-గో-రౌండ్', అనగా మన జాతరలలోని రంగులరాట్నము.

నాటి బ్రాంక్స్ స్థితి తెలిసినగాని ఈ విద్య విలువ తెలియదు. ఇండ్లను కూల్చి, పేటల నడుమ మహారహదారి వేసిరి. 1970 దశాబ్దిలో అక్కడి భవనములు వరుసగా అగ్నికి ఆహుతి అయ్యెను. 1975 నాటికి న్యూయార్కు నగరపాలనమే దివాలా అంచున నిలిచెను. పాఠశాలలలో సంగీతము నేర్పుటకు నిధులు కఱవాయెను. వాద్యము కొనుటకు శక్తి లేని పిల్లలకు ఇంటిలో మిగిలినవి తలిదండ్రుల పాతరికార్డులు మాత్రమే. ఆ రికార్డులనే వారు వాద్యములుగా చేసికొనిరి. కనుక ఈ విద్యకు సోమరితనము మూలమనుట తగదు. లేమిలో పుట్టిన ఉపాయము ఇది.

తరువాత యంత్రములు వచ్చినవి. 1987లో వెలువడిన 'ఈ-మ్యూ ఎస్‌పి-1200' అను యంత్రమున సుమారు పది సెకండ్ల ధ్వని మాత్రమే పట్టెడిది. ఇంత చిన్న పాత్రలో పాటకు వలసిన సామగ్రి అంతయు ఇముడుటెట్లు? నిమిషమునకు 33 చుట్లు తిరుగవలసిన రికార్డును 45 చుట్ల వేగముతో త్రిప్పి పట్టుకొనుచు, పిదప యంత్రములో నెమ్మదింపజేయుచు, స్థలము ఆదా చేసెడివారు. అట్లు చేయుటచే ధ్వని కొంత గరుకు తేలును. ఆ గరుకుతనమే ఆ కాలపు పాటలకు అందమని ఇప్పటివారు మెచ్చుకొనుచున్నారు. 1988లో రోజర్ లిన్ రూపొందించిన 'అకాయి ఎంపీసీ-60' యంత్రము వచ్చినది. దాని మెత్తని మీటలను మృదంగపు మూత వలె వ్రేళ్లతో వాయింపవచ్చును. అప్పటినుండి రికార్డు నిజముగనే చేతివాద్యమైనది.

ఈ కూర్పు వట్టి అతుకుల పని కాదనుటకు రెండు ఉదాహరణములు చెప్పెదను.

మొదటిది ఒక శోకగీతము. 1990లో ట్రాయ్ డిక్సన్ అను యువనర్తకుడు కచేరీ యాత్రలో ఉండగా ప్రమాదమున మరణించెను. అతని మిత్రుడు పీట్ రాక్ దుఃఖములో నుండగా పాత రికార్డులు వెదకుచు, 1967 నాటి టామ్ స్కాట్ వాయించిన ఒక శాక్సఫోన్ పలుకును వినెను. టామ్ స్కాట్ వాయించినది స్వంతకృతి కాదు. అదే ఏడు 'జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్' అను రాక్ బృందము వెలువరించిన ప్రేమగీతమునకు అది మరియొక రూపము. పీట్ రాక్ ఆ తునకను ఆధారముగా గొని, సి.ఎల్. స్మూత్ అను సహచరుని పలుకులతో 1992లో 'దే రెమినిస్ ఓవర్ యూ' అను గీతము నిర్మించెను. ఆ పేరులోని మాటల మొదటి అక్షరములు కలిపినచో మిత్రుని పేరు వచ్చును. ప్రేమగీతమున పుట్టిన స్వరము పాతికేండ్ల పిదప మరణించిన మిత్రునికి తర్పణమైనది. మూలము నందు ఆ కన్నీరు లేదు. ఎన్నుకొన్నవాని చెవిలో కలదు.

రెండవది ఒక వరదపాట. 1927లో మిసిసిపీ నదికి మహావరద వచ్చి, కరకట్టలు తెగి, లక్షల కొలది జనము నిరాశ్రయులైరి. 1929లో మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ అను నల్లజాతి దంపతులు ఆ కట్ట తెగుటను గూర్చి ఒక బ్లూస్ పాట పాడి రికార్డు చేసిరి. 1971లో ఇంగ్లండుకు చెందిన 'లెడ్ జెప్పెలిన్' రాక్ బృందమువారు ఆ పాటను తమ రీతిలో పాడిరి. హెడ్లీ గ్రేంజ్ అను పాత భవనమున మెట్లక్రింది భాగమున డ్రమ్ములు పెట్టి, పైనుండి మైకులు వ్రేలాడదీసి, జాన్ బోనమ్ చేత వాయింపజేసిరి. ఆ ధ్వని వరదనీటి హోరు వలె గంభీరముగా నుండును. 1986లో న్యూయార్కునందలి 'బీస్టీ బాయ్స్' అను హిప్-హాప్ బృందము ఆ డ్రమ్ములను తీసికొని తమ తొలి సంపుటమున మొదటి పాటకు పునాదిగా వేసికొనెను. మిసిసిపీ తీరపు దుఃఖము ఇంగ్లండునకు పోయి, ఇంగ్లండు నుండి న్యూయార్కునకు మరలి వచ్చినది. ఇప్పుడు దొంగ ఎవరు? సొత్తు ఎవరిది? లెడ్ జెప్పెలిన్ వారు మిన్నీ పేరును కర్తల పట్టికలో చేర్చిరి. చేర్చుటయే మర్యాద. ఈ మర్యాద అన్నిచోట్ల పాటింపబడలేదు.

ఇచ్చట వ్యవహారము న్యాయస్థానమునకు చేరుచున్నది. 1989లో 'డి లా సోల్' అను మువ్వురు యువకులు 'త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్' అను ముచ్చటైన సంపుటమును వెలువరించిరి. అందు పాత పాటల తునకలు అనేకములు కలవు. 'టర్టిల్స్' అను పాత రాక్ బృందమువారు తమ పాటను అనుమతి లేక వాడిరని దావా వేయగా రాజీతో ముగిసెను. 1991లో మరియొక దావా వచ్చెను. బిజ్ మార్కీ అను వినోదగాయకుడు గిల్బర్ట్ ఓసలివాన్ 1972లో పాడిన పాటనుండి ఒక భాగమును అనుమతి కోరి, అది లభింపకున్నను వాడెను. న్యాయమూర్తి కెవిన్ డఫీ బైబిలులోని 'దొంగిలరాదు' అను ఆజ్ఞతో తన తీర్పును మొదలుపెట్టెను. సంపుటము అంగళ్లనుండి వెనుకకు తీయబడెను. బిజ్ మార్కీ 1993లో వెలువరించిన తరువాతి సంపుటమునకు 'ఆల్ శాంపిల్స్ క్లియర్డ్' అని పేరు పెట్టెను. అనగా 'మచ్చులన్నిటికి అనుమతి కలదు' అని. శిక్ష పడినవాడు కూడ నవ్వగలుగుట ఆ కళ స్వభావము.

2005లో ఒక అప్పీలు న్యాయస్థానము రెండు సెకండ్ల గిటారు ధ్వని విషయమున, ఎంత చిన్న తునకయైనను అనుమతి లేక తీయరాదని తీర్పు చెప్పెను. 2016లో మరియొక అప్పీలు న్యాయస్థానము, సామాన్యశ్రోత గుర్తింపజాలనంత అల్పమైనచో దోషము లేదని చెప్పెను. ఒకే దేశమున రెండు ప్రాంతములకు రెండు ధర్మములు! నిబంధనల పుస్తకముతో నిత్యము కాపురము చేయు మనకు ఇది వింతగా తోపదు.

ఈ చట్టము వలన మేలును కీడును రెండును కలిగినవి. పాత కర్తలకు సొమ్ము ముట్టుట మేలు. కాని నూరు తునకలతో ఒక పాట అల్లుట ఇక ధనవంతులకే సాధ్యమైనది. డి లా సోల్ వారి సంపుటము హక్కుల చిక్కులచేత ఇంటర్నెట్టున వినుటకు లభింపక ఏండ్లకొలది నిలిచిపోయి, తుదకు 2023 మార్చి 3వ తేదీన వెలువడెను. ఆ మువ్వురిలో ఒకడైన డేవిడ్ జోలికూర్ అంతకు మూడువారముల ముందే, ఫిబ్రవరి 12న మరణించెను. తన పాటలు తిరిగి లోకమునకు చేరిన దినమును అతడు చూడలేకపోయెను.

అయితే నేను ముఖ్యముగా మనవి చేయదలచినది చట్టము చూపు చేరని వారిని గూర్చి. చట్టము రెండు హక్కులను గుర్తించును: పాటను కట్టినవానిది ఒకటి, రికార్డును అచ్చు వేసిన సంస్థది ఒకటి. మరి ఆ డ్రమ్ము వాయించినవాడో? మన కార్యాలయములలో చిత్తుప్రతి వ్రాసిన గుమాస్తా ఒకడు, సంతకము చేయు అధికారి ఒకడు. ఉత్తరువు అధికారి పేరిటనే వెడలును. చిత్తు ఎంత చక్కగా నున్నను గుమాస్తా పేరు దస్త్రము దాటి రాదు. ఆ బాధ ఎట్టిదో ఈ సభలో వేరుగ వివరింప నక్కరలేదు.

1969లో జేమ్స్ బ్రౌన్ బృందమునకు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అను డ్రమ్మరు సిన్సినాటి నగరమున ఒక పాటకు వాయించెను. 'ఫంకీ డ్రమ్మర్' అను ఆ పాట 1970లో వెలువడెను. నడుమ బృందమంతయు ఆగి అతనికొక్కనికే చోటిచ్చిన ఎనిమిది ఆవర్తములు ఉన్నవి. 'పబ్లిక్ ఎనిమీ' బృందము 1989లో పాడిన 'ఫైట్ ద పవర్' మొదలుకొని నూర్లకొలది పాటలలో ఆ దెబ్బ మ్రోగుచున్నది. కర్తగా నమోదైన పేరు జేమ్స్ బ్రౌన్‌ది. స్టబుల్‌ఫీల్డ్‌కు కర్తృత్వములో పాలు లేదు. అతడు విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ పట్టణమున స్థిరపడి, మూత్రపిండముల వ్యాధితో బాధపడి, 2017లో మరణించెను. తనకు ధనముకంటె పేరు చెప్పుటయే ముఖ్యమని అతడు పలుమారులు చెప్పుకొనియుండెను.

అంతకంటె విషాదకరమైన కథ మరియొకటి కలదు. 1969లో 'విన్‌స్టన్స్' అను బృందము ఒక రికార్డు వెలువరించెను. మొదటివైపు పాటకు గ్రామీ బహుమతి వచ్చెను. రెండవవైపు నింపుటకు వాయించిన 'అమెన్, బ్రదర్' అను పాటలో గ్రెగరీ కోల్మన్ అను డ్రమ్మరు సుమారు ఆరు సెకండ్లు ఒంటరిగా వాయించెను. 1986 నాటికి డీజేల కొరకై అచ్చువేసిన బ్రేకుల సంకలనమున అది చేరెను. అటుపిమ్మట అమెరికా హిప్-హాప్‌లోను, ఇంగ్లండు నృత్యసంగీతములోను వేలకొలది పాటలకు ఆ ఆరు సెకండ్లు పునాది యయ్యెను. కోల్మన్ 2006లో నిలువ నీడ లేనివాడై మరణించెను. బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో బ్రిటన్ నుండి అభిమానులు చందాలు వేసికొని 24,000 పౌండ్లు పంపిరి. చట్టము ఈయనిది శ్రోతల మనస్సాక్షి ఇచ్చినది. కాని అప్పటికి ఆ డ్రమ్ము వాయించిన చేతులు లేవు.

ధనముతోను తీరని ఋణము ఒకటి కలదు. అది మూలకర్త అభిమతము. 1999లో ఎమినెమ్ పాడిన ప్రసిద్ధగీతమునకు ఆధారము ఇంగ్లండు గాయకుడు లాబీ సిఫ్రే 1975లో వెలువరించిన పాట. స్త్రీలను, స్వలింగప్రేమికులను కించపరచు మాటలు తొలగించిననే గాని అనుమతి ఈయనని సిఫ్రే పట్టుబట్టెను. మాటలు మార్చవలసి వచ్చెను. తన స్వరము ఎవని నోట ఏ మాటకు తోడగుచున్నదో అడుగుటకు మూలకర్తకు హక్కు కలదని ఆయన నిరూపించెను.

ఈ చిక్కు మన దేశమునకును వచ్చినది. 2002లో 'ట్రూత్ హర్ట్స్' అను అమెరికా గాయని పాడిన 'అడిక్టివ్' అను పాటలో, 1981 నాటి 'జ్యోతి' హిందీ చిత్రమునకై బప్పీ లహిరి స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన పాట పెద్దభాగము వినబడును. పేరు గాని అనుమతి గాని లేవు. దావా వేయగా, 2003లో అమెరికా న్యాయస్థానము ఆయన పేరు వేయనిదే ఆ సంపుటమును అమ్మరాదని ఆజ్ఞాపించెను. దీనికి విపర్యయముగా మరియొక వ్యాజ్యము. 1969 నాటి 'ఆరాధన' చిత్రగీతపు చిన్న తునకను గూర్చి సారేగామా సంస్థ వేసిన దావా 2011లో అప్పీలులోను వీగిపోయెను. కారణము, 1967లో నిర్మాతతో చేసికొన్న ఒప్పందమున ఆ సంస్థకు హక్కు రెండేండ్లకే పరిమితమని న్యాయస్థానము నిర్ణయించుట. పాత కాగితములు పదిలముగా చదువుకొనవలెనని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక మన అలంకారికుల మాట. ఒక కవి కావ్యమునకు మరియొకని కావ్యముతో కలుగు పోలికను ఆనందవర్ధనుడు మూడు విధములుగా విభజించెను. అద్దములో నీడవంటిది ఒకటి, చిత్తరువులోని బొమ్మవంటిది ఒకటి, ఒకరినొకరు పోలిన ఇరువురు మనుష్యులవంటిది ఒకటి. మొదటి రెండును విడువదగినవి. మూడవదానికి స్వంత ప్రాణము కలదు గనుక అది గ్రాహ్యమనెను. అటనుండి ఇటకు ఏమి తెచ్చితివని ఆయన అడుగలేదు. తెచ్చినదానికి క్రొత్త ప్రాణము పోసితివా అని అడిగెను. ఈ గీటురాయిపై పీట్ రాక్ శోకగీతము నిలుచును. పాత పాట పల్లవినే యథాతథముగా త్రిప్పి, పైన నాలుగు గొప్పలు పలికి సొమ్ము చేసికొను పాటలు నిలువవు. అట్టివియు ఆ సంగీతమున కొల్లలుగా ఉన్నవని నేను దాచను.

మన తెలుగుకవులు మరియొక ధర్మమును కూడ పాటించిరి. కావ్యారంభమున ఇష్టదేవతాప్రార్థన వెంటనే పూర్వకవిస్తుతి చేసిరి. నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల పేరెత్తి మ్రొక్కనిదే తరువాతివాడు కథలో అడుగు పెట్టలేదు. పాత రికార్డు తునకను వాడుట నాదరూపమైన పూర్వకవిస్తుతియే అని హిప్-హాప్ కర్తలు చెప్పుకొనవచ్చును. ఒప్పుకొందము. కాని స్తుతియందు పేరు ఉండవలెను. పేరులేని స్తుతి ఎవరికి చేరును?

కనుక పెద్దలకు నా మనవి ఇది: పిల్లలు వినుచున్నది వట్టి రొద అని త్రోసివేయకుడు, అందు వారి తాతలనాటి స్వరములు మరల పలుకుచున్నవి. పిల్లలకు నా మనవి: పాట నచ్చినపుడు దాని వేరు వెదకుడు. ఆ డ్రమ్ము ఎవరిది, ఆ గొంతు ఎవరిది అని అడుగుడు. నేడు క్షణములో తెలిసికొనుటకు సాధనములు కలవు. మన ఇండ్లలోను పెద్దలనాటి పద్యనాటకముల గ్రామఫోను రికార్డులు కొన్ని మిగిలియుండవచ్చును. వాటి చీటీలపై గాయకుని పేరు కనబడును. హార్మోనియము వాయించినవాని పేరు, తబలా వాయించినవాని పేరు కనబడుట అరుదు. ఎవరికైన ఆ పేర్లు తెలిసినచో, తెలిసిన పెద్దలు మన నడుమ ఉండగనే వ్రాసి ఉంచవలసినదిగా ప్రార్థించుచున్నాను.

స్వరమును అరువు తెచ్చుకొనుట తప్పు కాదు. ఇచ్చినవాని పేరు మరచుట తప్పు.